మా అవ్వ చానల్ యాడికి పోయింది?

 

మన పత్రికలో విమర్శ అంటే ఒక పుస్తకం మీదనో, ఒక సినిమా మీదనో రాస్తారు. నేను ఒక టీవీ యాప్ మీద రాస్తున్నాను. "యాప్ మీద కూడా విమర్శ రాయవచ్చునా టీచర్?" అని ముందే అడిగినాను. "మంచీ చెప్పు, చెడూ చెప్పు, ఎందుకో కూడా చెప్పు. అప్పుడు దేనిమీదనైనా రాయవచ్చు" అన్నారు. ఆ ధైర్యంతో మొదలుపెట్టినాను.

మాది కోవిల్‌పట్టి. మా ఇంట్లో నాయన, అమ్మ, నేను, తమ్ముడు, మా నాయనను కన్న అవ్వ ఉంటాము. అవ్వ చాలా ఏండ్లు అగ్గిపెట్టెల కంపెనీలో పని చేసింది. ఇప్పుడు కాళ్ళ నొప్పులతో ఇంట్లోనే ఉంటుంది. సాయంత్రం ఏడు గంటలైతే టీవీ ముందర కూర్చుంటుంది. ముందు తెలుగు వార్తలు, తరువాత ఒక తెలుగు సీరియల్. చిన్నాయన కొనిచ్చిన స్మార్ట్ టీవీలో, ఒక ప్రైవేటు టీవీ సంస్థ యాప్ ద్వారా ఇవి వస్తాయి. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయను. ఒక్క మా ఇంటి కథను పట్టుకుని ఒకరిని దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. నేను చెప్పాలనుకున్నది ఆ యాప్ వెనక ఉన్న ఒక ఆలోచన గురించి.

పోయిన ఎండాకాలం సెలవుల్లో ఒకనాడు ఆ యాప్ దానంతట అదే మారిపోయింది. కొత్త రంగు, కొత్త బొమ్మలు, కొత్త వరుసలు. అవ్వకు ఆ సంగతి తెలియదు. ఎప్పటి మాదిరే రిమోట్ తీసుకుని, ఒకసారి నొక్కి, కిందికి రెండు సార్లు పోయి, మళ్ళీ నొక్కింది. వార్తలు రాలేదు. ఒక తమిళ సినిమాలో కొట్లాట వచ్చింది.

"పాపా, నా చానల్ యాడికి పోయింది? నిన్న ఈడనే ఉండె గదా!" అని కేక వేసింది.

నేను వచ్చి వెతికినాను. నాకే కొంచెం సేపు పట్టింది. దొరికిన తరువాత, ఎన్ని నొక్కులకు వస్తుందో లెక్క పెట్టినాను. ముందు నాలుగు నొక్కులు. ఇప్పుడు పంతొమ్మిది. ఎడమ పక్కన దాగిఉన్న పట్టీని తెరవాలి. అందులో ఒక చిన్న గుర్తు కాడికి పోవాలి. ఆ గుర్తు కింద పేరు లేదు. దాని లోపల భాషల పట్టిక ఉంటుంది. అందులో తెలుగు. దాని లోపల సినిమాలు, సీరియళ్ళు, ఆటలు దాటుకుని పోతే చివరన చానళ్ళు. నాలుగు నొక్కులను అవ్వ వేలు నేర్చుకుంది. పంతొమ్మిదిని ఏ వేలు నేర్చుకుంటుంది?

ముందు మంచి చెబుతాను. కొత్త రూపంలో బొమ్మలు పెద్దవి, తేటగా ఉన్నాయి. ముందు ఒక ఎపిసోడ్ తెరుచుకోవడానికి చక్రం తిరుగుతూ ఉండేది, ఇప్పుడు వెంటనే వస్తుంది. సగంలో ఆపిన సినిమా మరునాడు ఆ చోటు నుంచే మొదలవుతుంది. తమ్ముడికి చాలా సంతోషం, వాడికి కావలసిన బొమ్మల కథలు మొదటి తెర మీదనే వచ్చేసినాయి. నాయన కూడా "బాగుందే" అన్నాడు. కాబట్టి మార్చడమే తప్పు అని నేను అనను. పాత ఇంటికి సున్నం కొట్టకుండా ఎవరూ ఉండరు. కానీ సున్నం కొట్టేటప్పుడు ముసలావిడ మంచాన్ని వెలుపల పెట్టి, పని అయినాక తిరిగి లోపల పెట్టడం మరిచిపోతే ఎట్లా?

ఇప్పుడు చెడు. దాన్ని నేను రెండు మూడు రోజులు కూర్చుని పరీక్ష చేసినాను.

మొదటి తెర మీద అన్నీ తమిళమే. మేము తమిళనాడులో ఉన్నాము కాబట్టి తమిళం ముందు వచ్చింది. సరే, యాప్‌కు మా ఊరు తెలుసు, మా ఇల్లు తెలియదు. మా ఇంట్లో తెలుగు మాట్లాడుతామని దానికి చెబుదాము అనుకున్నాను. అమరికల్లోకి పోయి భాషను తెలుగు చేసినాను. వెంటనే తెర మీద ఉన్న మాటలన్నీ తెలుగు అక్షరాలైనాయి. నాకు చాలా సంతోషం కలిగింది. అవ్వను పిలిచి చూపించినాను.

అవ్వ కండ్లద్దాలు పెట్టుకుని చూసి, "ఇవేమి పాపా, జిలేబీల మాదిరి ఉండాయి?" అనింది.

నేను నవ్వినాను. తరువాత నవ్వు ఆగిపోయింది. మా అవ్వకు తెలుగు చదవడం రాదు. తెలుగులో మాట్లాడుతుంది, తిడుతుంది, దేవుడికి మొక్కుకుంటుంది, సామెతలు చెబుతుంది. కానీ చిన్నప్పుడు మూడో తరగతి దాకా చదివింది తమిళంలో. బస్సు బోర్డు, రేషన్ కార్డు, మందు సీసా, అన్నీ తమిళంలోనే చదువుతుంది. నా ఒక్క బడి వల్లనే మా ఇంట్లోకి తెలుగు అక్షరం వచ్చింది. మా నాయనకు కూడా తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటేగాని రావు.

సరే అని అక్షరాలను తిరిగి తమిళానికి మార్చినాను. కార్యక్రమాలు కూడా తిరిగి తమిళానికి పోయినాయి. అక్షరం ఒక భాషలో, కార్యక్రమం ఇంకొక భాషలో పెట్టుకునే దారి నాకు కనబడలేదు.

నోటితో చెబితే వినే మైకు బొత్తాం కూడా కొత్తగా పెట్టినారు. అవ్వ దాన్ని నొక్కి "తెలుగు వార్త పెట్టు సామీ" అని మర్యాదగా అడిగింది. అది ఏదో సామి పాటల పట్టిక తెచ్చి చూపించింది. అవ్వ దండం పెట్టుకుంది. అందరమూ నవ్వినాము. కానీ వార్తలు మాత్రం రాలేదు.

అప్పుడు నాకు ఒక సంగతి అర్థమైంది. ఈ వ్యాసంలో నేను చెప్పవలసింది అదే. మా అవ్వ చెవికి ఒక భాష, కంటికి ఒక భాష. చెవికి తెలుగు. కంటికి తమిళం. ఆమె ఉండే చోటు తమిళనాడు. ఈ మూడూ వేరు వేరు సంగతులు. యాప్ చేసినవాళ్ళు మూడింటినీ కలిపి ఒకటే ప్రశ్నగా అడిగినారు: "మీ భాష ఏది?" ఆ ప్రశ్నకు మా అవ్వ దగ్గర ఒక్క జవాబు లేదు.

మా అవ్వ ఒక వింత మనిషి కాదు. మా కరిసల్ సీమలో, అంటే ఈ నల్లరేగడి భూముల్లో, ఇది చాలా ఇండ్లలో ఉన్నదే. కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్ అనే ఊరు ఉంది. అక్కడ పుట్టిన కి. రాజనారాయణన్ గారిని అందరూ 'కి.రా.' అంటారు. వారిది తెలుగు మాట్లాడే కుటుంబం. తెలుగువాళ్ళు ఉత్తరం నుంచి ఇటు వలస వచ్చి అడవి కొట్టి ఊరు కట్టుకున్న కథను ఆయన 'గోపల్ల గ్రామం' అనే నవలగా రాసినారు. దాని తరువాతి భాగానికి, 'గోపల్లపురత్తు మక్కళ్'కు, 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. రెండూ తమిళంలోనే రాసినారు. నోట్లో తెలుగు, చేతిలో తమిళం. అంత పెద్ద రచయితకే అట్లా ఉంటే మా అవ్వకు ఉండకూడదా?

ఒక రాష్ట్రం అంటే ఒక భాష అనే లెక్క ఎక్కడ నుంచి వచ్చిందో మనం సాంఘికశాస్త్రంలో చదువుకున్నాము. 1956 నవంబరు 1న భాషలను బట్టి రాష్ట్రాలు ఏర్పడినాయి. గీత ఎక్కడ గీసినా, గీతకు అవతల కొందరు మిగిలిపోతారు. ఆ సంగతి అప్పటి పెద్దలకు తెలుసు. అందుకే ఆ ఏడాదే రాజ్యాంగంలో 350ఎ అనే అధికరణం చేర్చినారు. భాషాపరంగా తక్కువమందిగా ఉన్నవాళ్ళ పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించడానికి రాష్ట్రాలు ప్రయత్నించాలి అని అందులో ఉంది. మతం చేతనో భాష చేతనో అల్పసంఖ్యాకులైనవాళ్ళు బడులు పెట్టుకుని నడుపుకోవచ్చు అని 30వ అధికరణం మొదటి నుంచే చెబుతున్నది. మన బడి నిలబడి ఉన్నది ఆ మాటల మీదనే. చట్టం రాసినవాళ్ళు గీతకు ఇవతల మనం ఉన్నామని గుర్తు పెట్టుకున్నారు. టీవీ యాప్ గీసినవాళ్ళు మరిచిపోయినారు.

విరుదునగర్‌లో మా అమ్మమ్మ ఇల్లు ఉంది. కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు మీదుగా బస్సులో పోవాలి. తాత అక్కడ పప్పు మిల్లులో కాటా పని చేసేవాడు. ఆ సెలవుల్లోనే నేను అక్కడికి కూడా పోయినాను. అక్కడ స్మార్ట్ టీవీ లేదు. దూరదర్శన్ వారి డీడీ ఫ్రీ డిష్ గొడుగు ఉంది. 2004లో మొదలైన ఈ ఏర్పాటుకు నెల నెలా డబ్బు కట్టనక్కరలేదు. అమ్మమ్మకు చదువే రాదు, తమిళమూ రాదు, తెలుగూ రాదు. కానీ ఆమె ఎవరినీ పిలవకుండా తానే సప్తగిరి చానల్ పెట్టుకుంటుంది. ఎట్లా అంటే, తాత ఆ చానల్ అంకెను టీవీ పక్క గోడ మీద బొగ్గుతో రాసిపెట్టినాడు. గోడ మీద ఉన్నదాన్ని చూసి రిమోట్‌లో అదే నొక్కుతుంది. అంకె మారినప్పుడు తాత పాతది చెరిపి కొత్తది రాస్తాడు. అంతే.

అక్కడ కూర్చుని చూస్తే నాకు ఆశ్చర్యం వేసింది. చదువు రాని అమ్మమ్మకు దొరికిన చానల్, చదువు వచ్చిన అవ్వకు దొరకలేదు. అంకెకు భాష లేదు. అది తమిళమా తెలుగా అని ఎవరినీ అడగదు. కొత్త యాప్‌లో అంకెలు తీసేసినారు. పాత పద్ధతిలో అది ఒక్కటే మా అవ్వకు ఊతకర్ర.

టీవీ అంటే మొదట ఎట్లా ఉండేదో మా సైన్సు మాస్టారు ఒకసారి చెప్పినారు. 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మన దేశపు టీవీ మొదలైంది. మద్రాసుకు 1975 ఆగస్టు 15న వచ్చింది. అదే నెల 1వ తేదీన ఇంకొక గొప్ప ప్రయత్నం మొదలైంది. దాని పేరు 'సైట్'. ఇస్రో, అమెరికా వారి నాసా కలిసి ఏటీఎస్-6 అనే ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు ఒక సంవత్సరం పాటు టీవీ చూపించినారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక ఉన్నాయి. కోళ్ళ గూళ్ళకు కట్టే ఇనుప వలతో 10 అడుగుల గొడుగు చేసి, ఊరికి ఒక టీవీ పెట్టినారు. పల్లె మనిషికి ఏమి కావాలి, ఏ మాటలో చెబితే అర్థమవుతుంది అని ముందుగా ఆలోచించి, ఆ భాషల్లో కార్యక్రమాలు తయారు చేసినారు. అప్పుడు యంత్రం తక్కువ, ఆలోచన ఎక్కువ. ఇప్పుడు మన చేతిలో ఉన్న యంత్రానికి అప్పటి వాళ్ళు దండం పెట్టుకునేవాళ్ళేమో. కానీ "చూసేది ఎవరు?" అనే ప్రశ్న చిన్నదైపోయింది.

దూరదర్శన్ కూడా ఈ మధ్య కొత్త రూపం ఎత్తింది. 2024 నవంబరు 20న గోవాలో జరిగిన చలనచిత్రోత్సవం ప్రారంభంలో, ప్రసార భారతి 'వేవ్స్' అనే ఓటీటీని విడుదల చేసింది. 12కు పైగా భాషలు, 65 ప్రత్యక్ష చానళ్ళు, పాత సీరియళ్ళు ఉంటాయని అప్పుడు ప్రకటించినారు. ఆ భాషల్లో తెలుగూ ఉంది, తమిళమూ ఉంది. ఇది మంచి పని. ప్రజల డబ్బుతో నడిచే సంస్థ ప్రజల ఫోనులోకి రావాలి. అయితే అది ప్రజల సంస్థ కాబట్టే దానిని ఎక్కువ అడగవచ్చు. వ్యాపారం చేసే సంస్థ లాభం చూసుకుంటుంది. ప్రసార భారతి అయితే పక్క రాష్ట్రంలో ఉండే కొద్దిమందిని కూడా లెక్కలో పెట్టుకోవాలి. ఎన్ని భాషలు ఉన్నాయి అని మాత్రమే లెక్క చెబితే సరిపోదు. ఆ భాష మనిషి ఎక్కడ కూర్చున్నా, ఆ భాష దగ్గరకు ఎంత తొందరగా పోగలుగుతాడు అనేది కూడా లెక్కే.

దూరదర్శన్ చానళ్ళ పేర్లలో నాకు ఒక అందం కనబడింది. ఆంధ్రప్రదేశ్ చానల్ సప్తగిరి, అంటే తిరుపతి ఏడుకొండలు. 2014లో రాష్ట్రం విడిపోయిన తరువాత తెలంగాణ చానల్ పేరు యాదగిరి అయింది, అదీ కొండే. తమిళ చానల్ పేరు పొదిగై. అది మా పక్కన తిరునెల్వేలి వైపు, తామిరబరణి పుట్టే కొండ. మూడు చానళ్ళూ మూడు కొండలు. 2024 జనవరిలో పొదిగైని 'డీడీ తమిళ్' అని మార్చినారు. దూరంగా ఉండేవాళ్ళకు భాష పేరు సులభంగా తెలుస్తుంది, అది ఒక లాభమే. కానీ మా వైపు కొండ పేరు ఒకటి టీవీ నుంచి పోయింది. మార్పు చేసేటప్పుడు ఎవరికి లాభం, ఎవరికి నష్టం అని రెండు పక్కలా చూడాలి అనడానికే ఇది చెబుతున్నాను.

ప్రైవేటు యాప్‌లలో పేర్లు ఇంకా తొందరగా మారుతాయి. 2015లో హాట్‌స్టార్ వచ్చింది. 2020 ఏప్రిల్‌లో అది డిస్నీ ప్లస్ హాట్‌స్టార్ అయింది. 2025 ఫిబ్రవరి 14న జియోసినిమాతో కలిసి జియోహాట్‌స్టార్ అయింది. పదేళ్ళలో మూడు పేర్లు. సంస్థలు కలిసిపోవడం వాళ్ళ వ్యాపారం, తప్పు అనను. కానీ పేరు మారినప్పుడల్లా గుర్తు మారుతుంది. అక్షరాలు చదవకుండా గుర్తును చూసి నొక్కే పెద్దవాళ్ళు మళ్ళీ ఒకటో తరగతిలో చేరవలసి వస్తుంది.

"ఒక్కొక్కరికి ఒక్కొక్క మాదిరి చేయడం కుదురుతుందా?" అని మీరు అడగవచ్చు. కుదురుతుంది. 2023లో ఐపీఎల్ క్రికెట్‌ను జియోసినిమాలో 12 భాషల్లో, డబ్బు లేకుండా చూపించినారు. ఒకే ఆట, ఒకే బంతి. వ్యాఖ్యానం తెలుగులో కావాలా, తమిళంలో కావాలా, భోజ్‌పురిలో కావాలా అనేది చూసేవాడి ఇష్టం. అక్కడ ఊరూ భాషా ఒకటే అని ఎవరూ కట్టిపెట్టలేదు. క్రికెట్‌కు ప్రకటనల డబ్బు ఎక్కువ వస్తుంది, అందుకే అంత శ్రద్ధ అని నాయన అంటాడు. అది నిజమైతే, లోపం ఉన్నది యంత్రంలో కాదు, మనసులో.

దూర దేశంలో కూడా ఒక ఉదాహరణ ఉంది. బ్రిటన్‌లో వేల్స్ అనే ప్రాంతం ఉంది. అక్కడి భాష వెల్ష్. ఇంగ్లీషు మధ్యలో అది చిన్న భాష. వెల్ష్‌లో టీవీ చానల్ కావాలని గ్విన్‌ఫర్ ఎవాన్స్ అనే నాయకుడు 1980లో నిరాహారదీక్ష చేస్తానని ప్రకటించినాడు. ప్రభుత్వం దిగివచ్చింది. 1982 నవంబరులో ఎస్4సి అనే చానల్ మొదలైంది. బీబీసీ వారు 2007 క్రిస్మస్ రోజున ఐప్లేయర్ అనే నెట్ టీవీని విడుదల చేసినారు. 2014లో ఎస్4సి కార్యక్రమాలను కూడా అందులో చేర్చినారు. దాంతో వేల్స్ వదిలి లండన్‌లో ఉద్యోగం చేసే మనిషి కూడా తన భాష టీవీని అందులో చూడగలిగినాడు. లండన్‌లో ఉన్న వెల్ష్ మనిషీ, కోవిల్‌పట్టిలో ఉన్న మా అవ్వా నాకు ఒకటే.

ఇప్పుడు నా తప్పు కూడా చెప్పాలి. అది చెప్పకపోతే ఈ విమర్శ సగమే.

మొదటి వారం అవ్వ పిలిచిన ప్రతిసారీ పోయి పెట్టిచ్చినాను. రెండో వారం నాకు విసుగు వచ్చింది. ఒకనాడు నేను లెక్కలు చేసుకుంటున్నాను. మూడోసారి "పాపా" అనింది. "అవ్వా, నీకు తమిళం బాగా తెలుసు గదా! ఉన్నది చూడకూడదా?" అని గట్టిగా అనేసినాను.

అవ్వ ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి నన్ను పిలవలేదు. తెర మీద ముందు ఏది వస్తే అది చూసుకుంటూ కూర్చుంది. నేనూ దాన్ని పట్టించుకోలేదు. తమిళ సీరియల్ చూడడం తప్పు కాదు. మాకు తమిళం పరాయిది కాదు, వీధిలో, అంగట్లో, స్నేహితులతో మాట్లాడేది అదే. అమ్మ కూడా "అవ్వ బాగానే అలవాటు పడిపోయింది" అనింది.

ఒక నెల తరువాత నాకు ఏదో తక్కువైనట్లు అనిపించింది. ఏమిటా అని ఆలోచించినాను. ముందు వార్తలు చూసేటప్పుడు అవ్వ నన్ను మాటల అర్థాలు అడిగేది. "పాపా, 'అల్పపీడనం' అంటే ఏమి?" "గాలివానకు ముందు సముద్రంలో వచ్చేది అవ్వా." "అట్లనా! మేము దాన్ని వాన పట్టింది అంటాము." ఆమె నాకు తన మాట చెప్పేది, నేను ఆమెకు పుస్తకం మాట చెప్పేవాణ్ణి కాదు, చెప్పేదాన్ని అని సరిదిద్దేది కూడా ఆమెనే, నేను తమ్ముడి మాదిరి మాట్లాడితే. టీవీ తెలుగుకూ మా ఇంటి తెలుగుకూ మధ్య మేమిద్దరం కూర్చుని బేరం చేసేవాళ్ళం. అది ఆగిపోయింది. యాప్ పంతొమ్మిది నొక్కుల దూరంలో పెట్టినదాన్ని, నేను ఒక్క మాటతో ఇంకా దూరం చేసినాను. యాప్ అవ్వతో ఏమి చెప్పిందో నేనూ అదే చెప్పినాను: ఉన్నది చూసుకో అని.

ఇంట్లో పెద్దవాళ్ళు తెలుగు వినడం మానేస్తే, పిల్లలతో తెలుగులో చెప్పడానికి మాటలు తగ్గుతాయి. బడిలో నాకు తెలుగు అక్షరం దొరుకుతుంది. తెలుగు యాస మాత్రం అవ్వ దగ్గరనే దొరుకుతుంది. అందుకే ఇది ఒక బొత్తాం సంగతి మాత్రమే కాదు.

యాప్‌లు తయారు చేసేవాళ్ళు చదువుతారో లేదో తెలియదు, అయినా నేను అడగదలచినవి నాలుగు.

ఒకటి. అక్షరాలు ఏ భాషలో కావాలి, కార్యక్రమాలు ఏ భాషలో కావాలి అని వేరు వేరుగా అడగండి. రెండో ప్రశ్నకు ఒకటికి మించి జవాబులు ఒప్పుకోండి.

రెండు. ఊరిని బట్టి భాషను నిర్ణయించకండి. మనిషి రోజూ ఏమి చూస్తాడో దాన్ని ముందు పెట్టండి. రూపం మారినా, నిన్నటి దాకా చూసిన చానల్ మొదటి తెర మీదనే ఉండాలి.

మూడు. చానళ్ళకు అంకెలు ఉంచండి. చదువు రానివాళ్ళకు, చూపు తగ్గినవాళ్ళకు అంతకు మించిన దారి లేదు.

నాలుగు. మార్చే ముందు ఒక ముసలి మనిషి చేతికి రిమోట్ ఇచ్చి, పక్కన ఊరకే కూర్చుని చూడండి. ఏమీ చెప్పకండి. ఆమె ఎక్కడ ఆగిపోతుందో అక్కడ మీ పని మిగిలి ఉంది.

వాళ్ళు మార్చేదాకా నేను చేసినది ఒకటి ఉంది. ఒక అట్ట ముక్క తీసుకుని, పంతొమ్మిది నొక్కులనూ బాణం గుర్తులతో వరుసగా గీసినాను. పక్కన తెలుగు మాటలనే తమిళ అక్షరాల్లో రాసినాను: "కిందికి పో", "నొక్కు", "ఇంకా కొంచెం". అవ్వ కంటికీ చెవికీ రెండింటికీ సరిపోయేటట్లు. దాన్ని టీవీ కింద అంటించి, "అవ్వా, తప్పయింది" అన్నాను.

అవ్వ వేలు పెట్టి ఒక్కొక్కటీ చదివింది. పదకొండో దాని దగ్గర దారి తప్పింది. మళ్ళీ మొదటి నుంచి వచ్చింది. మూడోసారికి వార్తలు వచ్చినాయి. "ఇంత దూరం ఏమిటికి పెట్టినారు పాపా, చానల్‌ని?" అనింది. నా దగ్గర జవాబు లేదు. పక్కన కూర్చున్నాను.

మిత్రులారా, ఈ ఆదివారం మీ ఇంట్లో అవ్వకో తాతకో రిమోట్ ఇచ్చి, వాళ్ళకు కావలసినది వాళ్ళే పెట్టుకోగలరా అని చూడండి. లేకపోతే ఒక అట్ట ముక్క, ఒక స్కెచ్ పెన్ను చాలు. నా వ్యాసంలో తప్పులు ఉంటే పెద్దలు మన్నించి, సరిదిద్దాలని కోరుతున్నాను.

— పదో తరగతి విద్యార్థిని, కోవిల్‌పట్టి